ఎడమ పక్క పట్టీ

కంపెనీ డాక్టర్లు ‘అన్‌ఫిట్’ అని రాసి ఇంటికి పంపాక మా బావ మొట్టమొదట చేసిన పని ఒక పాత చిన్న ట్రాక్టరు కొనడం. అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. నేను గోదావరిఖనిలో ఒక గనిలో పంపుల దగ్గర ఫిట్టర్‌గా ఉన్నాను. బావ, అంటే మా అక్క పెనిమిటి, అదే గనిలో బొగ్గు నింపేవాడు. ఒకనాడు మొదటి షిఫ్టులో పైకప్పు నుంచి బండ జారి ఆయన మెడకూ కుడి భుజానికీ మధ్య పడింది. పక్కనున్నవాళ్లు లాగేయడంతో ప్రాణం దక్కింది. నెలల తరబడి దవాఖానలో పడుకుని, ఆ తరువాత లేచి నడిచాడు. నవ్వాడు. బీడీ ముట్టించుకున్నాడు. చూసేవాళ్లకు ఆయనలో ఏ లోటూ కనబడేది కాదు.

డాక్టర్ల ముందు కూడా అదే అన్నాడట, “నాకేమైంది సారు, మంచిగనే ఉన్న గద” అని. వాళ్లు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి తల అడ్డంగా ఊపారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి గడపలో చెప్పులు విడుస్తూ అక్కతో, “పొమ్మన్నరు” అని ఒక్క ముక్క అన్నాడు. ‘అన్‌ఫిట్’ అన్న మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు.

వాళ్లది రామగిరి గుట్టల వైపు ఒక ఊరు. తాతల నాటి కొద్దిపాటి చెలక, మెట్ట భూమి, ఉంది. ట్రాక్టరు మాత్రం రామగుండంలో పవర్‌హౌస్ కట్టేటప్పుడు మట్టి లాగించిన ఒక కాంట్రాక్టరు దగ్గరిది. పని అయిపోయాక దాన్ని ఎండకూ వానకూ వదిలేశాడు. ఎర్ర రంగు వెలిసి ఇటుక పొడిలా అయింది. నేనూ బావా రెండు మూడు సెలవు దినాలు కూచుని ఇంజను విప్పి కడిగి మళ్లీ బిగించాం. అది మొదటిసారి స్టార్టయిన రోజు బావ వంగి దాని బానెట్‌ను ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు. ఎడమ చేత్తో నిమిరాడు. అప్పుడు నాకు ఆ సంగతి పట్టలేదు.

చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికి అంతా ఎడ్ల సేద్యమే. తొలకరికి కిరాయి దున్నకానికి బావను పిలిచేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయనకు ఎండలో పని చేయడం కొత్త. పదిహేడో పద్దెనిమిదో ఏట గనిలోకి దిగినవాడు. “ఆకలైనప్పుడు పొద్దు చూసి ఇంటికి పోవుడు గమ్మతి ఉన్నది బామ్మర్ది” అనేవాడు నాతో.

ఆ మొదటి వానాకాలంలోనే పక్క పట్టీ విరిగింది.

ట్రాక్టరు వెనక నాగలిని మోయడానికి రెండు ఇనుప లింకులుంటాయి. అవి పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. అటూ ఇటూ ఊగకుండా ఒక్కో లింకును ఇరుసు పెట్టెకు కలుపుతూ ఒక్కో పట్టీ ఉంటుంది. పుస్తకంలో దాని పేరు స్టెబిలైజర్ బార్. మేము పక్క పట్టీ అనేవాళ్లం. అది విరిగిందంటే నాగలి ఒక పక్కకు కొట్టుకుపోయి టైరును ఒరుసుకుంటుంది. ఇక దున్నకం సాగదు.

ఆ ఊరి నుంచి షిఫ్టుకు వచ్చే ఒకతను కబురు తెచ్చాడు. సెలవు రోజు సైకిలు మీద వెళ్లాను. బావ ఒడ్డు మీద కూచుని ఉన్నాడు, రెండు ముక్కలూ పక్కన పెట్టుకుని.

“ఇనుము మంచిది కాదు” అన్నాడు నన్ను చూడగానే. “కాంట్రాక్టరోడు గాలికి ఇడిసిపెట్టిండు గద. లోపటి నుంచి తుప్పు తిన్నది.”

ఆ ముక్కల్ని గోదావరిఖని చౌరస్తా దగ్గరి వెల్డింగ్ దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం నడిపేది నాకంటే పెద్దవాడైన ఒక ముస్లిం. అందరూ భాయ్ అనేవాళ్లు. ఇంట్లో దక్కనీ, దుకాణంలో మా తెలుగు. ఆయన విరిగిన చోటును వెలుతురు వైపు తిప్పి చూశాడు. తెగిన ముఖంలో సగం నల్లగా ఉంది, సగం తళతళలాడుతోంది.

“ఇది ఒక్క దినంల ఇరిగింది కాదు తమ్మీ” అన్నాడు. “నల్లగ ఉన్నది పాత చీలిక. రోజు ఇంత ఇంత పెరుగుకుంట వచ్చింది. తెల్లగ ఉన్నది మొన్న ఇరిగింది.”

రెండు కొసలూ ఏటవాలుగా గీకి, వరస తప్పకుండా ఒక యాంగిల్ ముక్క మీద పెట్టి, రెండు వైపులా అతికాడు. నేను తీసుకెళ్లి బిగించాను. నెల తిరగకుండానే అతుకు పక్కన మళ్లీ విరిగింది. అదీ ఎడమ పక్కదే.

ఈసారి నేనూ భాయ్ కలిసి ఇక విరగనిది చేద్దామనుకున్నాం. లారీ కమాను పట్టీ ఒకటి తీసుకుని, కొలిమిలో సాపు చేసి, బెజ్జాలు వేసి, చేతిలో పట్టుకుంటే బరువనిపించే పట్టీ తయారు చేశాం. బావ దాన్ని చూసి సంతోషపడ్డాడు. నిజంగానే అది విరగలేదు. అది తగులుకున్న ఇరుసు పెట్టె చెవి విరిగింది. పోత ఇనుము. పగులు పెట్టె దాకా పాకి నూనె కారింది.

అది సరిగ్గా నేలలో పదును ఉన్న వారం. పెట్టె విప్పి ఎడ్లబండి మీద గోదావరిఖనికి తేవాల్సి వచ్చింది. పోత ఇనుము ఉన్నట్టుండి వేడెక్కినా పగులుతుంది, ఉన్నట్టుండి చల్లారినా పగులుతుంది. భాయ్ దాన్ని బొగ్గుల మీద మెల్లగా కాచి, కొంచెం కొంచెంగా అతికి, బూడిదలో కప్పిపెట్టాడు. మేము దాన్ని తిరిగి బిగించే సరికి నేల బిగుసుకుపోయింది. బావ కోసం ఆగినవాళ్లు ఎడ్లు కట్టుకున్నారు. ఆ ఏడు అక్క ఇతరుల పొలాల్లో కలుపుకు వెళ్లింది. నేను వెళ్లినప్పుడు ఆమె చేతివేళ్ల సందుల్లో మట్టి ఎండి ఉండేది. బావ ఆ చేతుల వైపు చూడకుండా తల తిప్పుకుని మాట్లాడేవాడు.

ఆ దెబ్బతో నాకు ఒకటి తెలిసింది. పక్క పట్టీ మెత్తగా ఉండాల్సిందే. అది తాను విరిగి ఇరుసు పెట్టెను కాపాడుతుంది. మళ్లీ మెత్తని ఇనుముతోనే పట్టీలు చేయించాను. పిన్నులు తిరిగే బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే కొత్త బుష్షులు వేశాను. రెండు పక్కలా పొడవు సమానం చేశాను. లింకులు పైకి లేపి చూస్తే పట్టీ తీగలా బిగుసుకుపోతోంది. అందుకని రెండు వేళ్లంత వదులు ఉంచాను. బావను దగ్గర కూచోబెట్టుకుని చెప్పాను: చాలు కొసకు రాగానే ముందు నాగలి లేపాలి, అది పూర్తిగా మట్టిలోంచి బయటపడ్డాకే ట్రాక్టరు తిప్పాలి, నాగలి మట్టిలో ఉండగా తిప్పితే బరువంతా ఒక పక్క పట్టీ మీద పడుతుంది.

“గంతే గద” అన్నాడు బావ. “నాకు తెల్వదా.”

మరుసటి వానాకాలం మళ్లీ విరిగింది. ఎడమదే.

ఆ రోజు నేను పొద్దుగూకే వేళకు వాళ్ల ఇంటికి చేరాను. చేతులకు గ్రీజు అంటుకుంటే కడుక్కోవడానికి గోలెం దగ్గరికి వెళ్లాను. అక్క చెంబుతో నీళ్లు పోస్తూ ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“తమ్మీ, పట్టీని చూసుడు ఇగ ఇడిసిపెట్టు. రేపు ఆయన దున్నంగ ఒడ్డు మీద నిలవడి చూడు.”

“ఏం చూడాలక్కా?”

“తిప్పేటప్పుడు చూడు. నేను చెప్పిన్నని అనకు. నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు.”

మరునాడు పట్టీ మార్చి, నేను వెళ్లిపోతున్నట్టు సైకిలు తీసుకుని బయలుదేరి, చెలక ఆ కొసన తుమ్మ చెట్ల పక్కన ఆగాను. బావ చాలు వెంట నా వైపే వస్తున్నాడు. దూరం నుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చెయ్యి నాగలి లేపే లివరు మీద. ఒడ్డు దగ్గరికి వచ్చింది. నాగలి లేవలేదు. ఆయన ఎడమ చేత్తో స్టీరింగును కుడికి తోశాడు. ట్రాక్టరు సగం తిరిగింది, నాగలి ఇంకా మట్టిలోనే ఉంది. వెనక ఎడమ పట్టీ బిగుసుకుని కిర్రుమంది. అప్పుడు ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి, ఒళ్లంతా వంచుకుని కుడి పక్కకు వచ్చి, లివరు మీద ఉన్న కుడి చేతి మీద పడింది. ఆ చేతితో సహా లివరును గుంజింది. నాగలి లేచింది. కుడి చెయ్యి లివరు మీద నుంచి జారి తొడ మీద పడింది. ఆయన దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని మళ్లీ లివరు మీద పెట్టుకున్నాడు, ఒక వస్తువును తీసి పెట్టినట్టు.

నేను నడుచుకుంటూ ట్రాక్టరు ముందుకు వెళ్లాను. బావ ఆపాడు. ఇంజను చప్పుడు అవుతూనే ఉంది.

“ఎప్పటిసంది బావా?”

“ఏది?”

“చెయ్యి.”

ఆయన ఇంజను ఆపేశాడు.

“దవాఖానల ఉన్నప్పటిసంది” అన్నాడు. “మొదట చిటికెన వేలు. దాని ఎనక తక్కినయి. ఇప్పుడైతె పట్టుకున్ననా లేదా అని కండ్లతోటి చూస్తెనే ఎరుక.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు గూడ ట్రాక్టరు దిగుమంటవు.” తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. “ఊరోళ్లకు తెలిస్తె పొలంలకు రానియ్యరు. ఒకపారి కంపెనోళ్లు దిగుమంటె దిగిన బామ్మర్దీ. మళ్ల దిగుమంటె యాడికి పోవాలె నేను?”

ఇన్నాళ్లూ తుప్పనీ, అతుకనీ, బెజ్జాలనీ ఒక్కొక్కదాన్నీ అనుమానిస్తూ వచ్చాను. ఆయన మాత్రం ప్రతి చాలు కొసనా ఈ కష్టం ఒంటరిగా పడుతూ, పట్టీ విరిగిన ప్రతిసారీ ఇనుమునో బండనో తిడుతూ కూచున్నాడు. అక్క అన్నం కలిపి పెట్టడం, ఆయన చొక్కా గుండీలు ఆమే పెట్టడం నేను చూశాను. మొగుడూ పెళ్లాల మురిపెం అనుకున్నాను.

“దిగుమనను” అన్నాను. “లివరు నీ ఎడమ చేతికి తెస్తా.”

గోదావరిఖనికి వచ్చి ఒక కాగితం మీద బొమ్మ గీసి భాయ్‌కి చూపించాను. లివరుకు ఒక గొట్టం తొడిగి, సీటు ముందు నుంచి ఎడమ చేతికి అందేలా వంచాలి. స్టీరింగు మీద ఒక గుండ్రటి పిడి పెట్టాలి, ఒక్క చేత్తో తిప్పడానికి. భాయ్ బొమ్మను చూసి, “ఎడమ చెయ్యితోని గుంజేటట్టా?” అన్నాడు. అవునన్నాను. ఎవరికని అడగలేదు. గొట్టం కొసను ఆకురాయితో చాలాసేపు అరగదీశాడు. తన అరచేతితో పట్టుకుని చూసి, ఎక్కడో గుచ్చుకుందేమో, మళ్లీ అరగదీశాడు.

పొలంలో ఇంకొకటి చేశాం. ఒడ్డుకు చాలా ముందుగానే ఒక కట్టెకు గడ్డి చుట్టి పాతేవాళ్లం. అది కనబడగానే బావ ఎడమ చేత్తో నాగలి లేపాలి. లేచాక అదే చెయ్యి స్టీరింగు పిడి మీదికి వెళ్లాలి. కొసన దున్నకుండా మిగిలిన పట్టెను చివర్లో అడ్డంగా దున్నుకోవచ్చు. ఊరివాళ్లు అడిగితే, “మా బామ్మర్ది ఫిట్టర్ గద, గదొక కొత్త పద్ధతి” అని చెప్పేవాడు.

ఆ యాసంగి అంతా పట్టీ విరగలేదు. తరువాతి వానాకాలమూ విరగలేదు. అక్క కలుపుకు వెళ్లడం మానేసింది. చౌరస్తాలో కనబడితే భాయ్ నన్ను ముందు అడిగే మాట, “పట్టీ ఖైరియతేనా?” అని. ఖైరియతే, బాగానే ఉంది అనేవాణ్ని. బావ కాస్త ఒళ్లు చేశాడు. ఒకనాడు ట్రాక్టరు మీద అక్కను ఎక్కించుకుని మా క్వార్టరు దాకా వచ్చాడు. మా వీధిలోని పాత దోస్తులు, ఆయనతో బొగ్గు నింపినవాళ్లు, బయటికి వచ్చి చూశారు. ఆయన కిందికి దిగకుండా సీటు మీదే కూచుని చాయ తాగాడు. ఆయన తృప్తిగా ఉండగా నేను చూసింది ఆ ఏడాదే.

ఆ తరువాతి ఎండాకాలంలో, నేను రమ్మనకుండానే ఆయన బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. బెంచీ మీద కూచున్నాడు. చాయ ఇస్తే తీసుకోలేదు.

“బామ్మర్దీ, ఎడమది గూడ మొదలైంది.”

ఈసారి దాచలేదు. దాచే ఓపిక లేకపోయిందేమో. వరంగల్ తీసుకెళ్లాను, అక్కడి నుంచి హైదరాబాద్. ఒక పెద్ద డాక్టరు మెడలోని ఎముక వెన్ను నరాన్ని ఒత్తుతోందనీ, అది నెమ్మది నెమ్మదిగా ఇంకా ఒత్తుతుందనీ, ఇప్పుడు కత్తి పెడితే ఉన్నది కూడా పోవచ్చనీ చెప్పాడు. ఆ మాటలు వింటుంటే పాత చీలిక రోజూ కొంచెం పెరుగుతూ వచ్చిందన్న భాయ్ మాట నా చెవిలో తిరిగింది. బావకు ఆ మాట చెప్పలేదు. తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూచుని పొలాలు చూస్తూ, “ఇక్కడ ఎర్ర నేల. తేలికగ దున్నొచ్చు” అన్నాడు.

ఊరికి చేరాక అక్కను ట్రాక్టరు ఎక్కమన్నాడు. ఆమె భయపడింది. ఊరంతా చూస్తుందని సిగ్గుపడింది కూడా. “చూడనీ” అన్నాడు. ఒడ్డు మీద మంచం వేయించుకుని కూచునేవాడు. ఆమె కొంగు నడుముకు బిగించి సీటెక్కేది. గడ్డి కట్టె దగ్గరికి రాగానే ఆయన మంచం మీద నుంచి చెప్పేవాడు:

“లేపు. ముందుగాల లేపు. లేచిందా? ఆఁ, ఇగ తిప్పు.”

మొదట్లో చాళ్లు వంకర పోయేవి. మెల్లగా సాపయ్యాయి. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. అక్క మలుపు తిరిగి వస్తుంటే బావ అన్నాడు, “నాకన్న మంచిగ తిప్పుతంది.” అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మరుసటి ఏటికి కాళ్లు కూడా పట్టు తప్పాయి. మంచం ఒడ్డు మీది నుంచి ఇంటి వసారాలోకి వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, వడగాలులు వీచే రోజుల్లో, మధ్యాహ్నం వేళ పోయాడు. నేను షిఫ్టు దిగి వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్క ఆయన కుడి చేతిని తన ఒడిలో పెట్టుకుని వేళ్లు సాపు చేస్తూ కూచుంది. అప్పుడు ఏడవలేదు. పెద్దకర్మ అయ్యేదాకా కూడా ఎవరి ముందూ ఏడవలేదు.

వానలు పడగానే ఆమె ట్రాక్టరు బయటికి తీసింది. “ఎట్ల అక్కా?” అన్నాను. “దున్నిస్తనని ఊరోళ్లకు మాట ఇచ్చిండు గద, వాళ్లు ఎదురుచూస్తుంటరు” అంది. అంతే.

ఆ వానాకాలం మధ్యలో పట్టీ విరిగిందని కబురు వచ్చింది. వెళ్లేసరికి అక్క చాలులో, తడి మట్టిలోనే, కూలబడి ఉంది. ట్రాక్టరు చాలు నడుమ ఆగి ఉంది. మలుపు దగ్గర కాదు. చూస్తే మట్టి కింద ఒక బండ నాగలికి అడ్డం తగిలింది. ఎడమ పట్టీ రెండు ముక్కలైంది.

“బండ తగిలిందక్కా” అన్నాను. “ఎవరి చేతిలనైనా ఇరుగుతది.”

ఆమె తల ఎత్తింది.

“నా రెండు చేతులు మంచిగనే ఉన్నయి తమ్మీ. నాకు గూడ ఇరిగింది. ఆయన ఇంటికి వచ్చి బండ తగిలిందంటె, లేదు, నీ చెయ్యే అని నేను లోపల్లోపల అనుకున్న. ఎన్నిసార్లు అనుకున్ననో.”

అప్పుడు ఏడ్చింది. పొలం నడుమ, మట్టి చేతులు ఒడిలో పెట్టుకుని, చప్పుడు కాకుండా. నేను పక్కన కూచున్నాను. తరువాత లేచి, పిన్నులు ఊడదీసి, దగ్గరున్న కొత్త పట్టీ బిగించడం మొదలుపెట్టాను. బిగించడం అయ్యేసరికి ఆమె కళ్లు తుడుచుకుని సీటెక్కింది. పొద్దు వాలకముందే మిగతా చెలక దున్నేసింది.

ఇంకా కొన్ని వానాకాలాలు నడిపింది. తరువాత ఇంజను సామాను దొరకని రోజులొచ్చాయి. శ్రీరాంపూర్ వైపు వాళ్లెవరో కొనుక్కుపోయారు. పిల్లలు లేని మనిషి, అక్క మా క్వార్టరుకే వచ్చేసింది. మా ఇంట్లో అందరితో కలిసిపోయింది. బావ మాట మాత్రం ఎత్తేది కాదు. బస్సెక్కినప్పుడు డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంటేనే కూచునేది, లేకపోతే అక్కడే నిలబడేది. రామగుండం దారిలో మలుపులు ఎక్కువ. ఒక్కో మలుపు ముందు ఒడిలో ఉన్న ఆమె ఎడమ చెయ్యి లివరు గుంజినట్టు కొంచెం పైకి లేచి, మళ్లీ ఒడిలో పడేది. ఆమెకు అది తెలిసేది కాదనుకుంటాను. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ని.